స్టీలు డబ్బాల్లో కబడ్డీ చందా

చందాలు పోగుచేసేటప్పుడు అందరూ చేసే తప్పులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చేయలేదు. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా గట్టిగా చెబుతాను. ఎవరూ చేయని తప్పొకటి చేశాను, అంతే. దాని దెబ్బకి మా వంటిల్లు కిరాణా కొట్టయింది, నందిగామలో మా వీధి వీధంతా నన్ను చూసి ముసిముసిగా నవ్వింది, పాపం జట్టెడు ఆడపిల్లల కబడ్డీ ఆట వ్యాను ఎక్కకుండానే ఆగిపోబోయింది. మీరూ నవ్వుకోండి, ఫర్వాలేదు. ఏడవాల్సిన ఏడుపు నేను అప్పుడే ఏడ్చేశాను.

నేను లెక్కల టీచర్ని. కొన్నేళ్ళ క్రితం మా బడి ఆడపిల్లలు జిల్లా కబడ్డీ పోటీల్లో గెలిచి, రాష్ట్ర పోటీలకు కర్నూలు వెళ్ళే అవకాశం సంపాదించారు. గెలిచొచ్చిన రోజు బడంతా చప్పట్లు, మిఠాయిలు, ఫొటోలు. మర్నాడు ఆటల టీచరు నాగమణి మేడం స్టాఫ్ రూములోకి వచ్చి, మెడలోని విజిల్ తీసి ఠపీమని బల్ల మీద పెట్టారు.

"పిల్లలకి సరైన బూట్లు లేవు. వ్యానుకి డబ్బుల్లేవు. నెలాఖరులోపు వ్యానాయన చేతిలో డబ్బు పెట్టకపోతే ఇంక కర్నూలు లేదు, గిర్నూలు లేదు" అన్నారు.

అంతే, స్టాఫ్ రూములో అందరికీ ఒక్కసారిగా పరీక్ష పేపర్లు దిద్దాలని గుర్తొచ్చింది. పరీక్షలు జరిగి చాలా రోజులైందనుకోండి, అయినా దిద్దుతున్నారు. అప్పుడు నేనేం చేశాను? నోరు మూసుకుని కూర్చున్నానా? ఆ బుద్ధే ఉంటే ఈ కథెందుకు.

"నేను చూసుకుంటా మేడం" అన్నాను.

"మీరా?" నాగమణి మేడం నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఎప్పుడన్నా చందాలు పోగుచేశారా?"

"చెయ్యలేదండీ. కానీ లెక్కల టీచర్ని కదా."

ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ఆవిడకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. కానీ మాట అన్నది అన్నట్టే ఉండిపోయింది. బడి వదిలాక జట్టు కెప్టెను దుర్గ నన్ను గేటు దగ్గర పట్టుకుంది. చందర్లపాడు నుంచి బస్సులో వచ్చే పిల్ల. వాళ్ళమ్మా నాన్నా మిరపకోతకు వెళతారు.

"మేడం, నిజంగా వెళ్తామా కర్నూలు? మా అమ్మ బట్టలసంచి కూడా కొనేసింది. నేను బెజవాడ దాటి ఎప్పుడూ పోలేదు మేడం."

"నీకెందుకే, నువ్వు సంచి సర్దుకో. మిగతాది నాకొదిలెయ్" అన్నాను. ఎంత ధీమా! ఆ ధీమాని ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికెళ్ళి ఫోనులో ఒక వీడియో చూశాను. టై కట్టుకున్న ఒకాయన, చందాలు పోగుచేసేవాళ్ళు చేసే పొరపాట్లన్నీ ఏకరువు పెట్టాడు. ఉత్త చేతులతో వెళ్ళి డబ్బడగకండి, ఏదైనా వస్తువు అమ్మండి అన్నాడు. ఫోను సందేశాలు పంపి ఊరుకోకండి, ఇంటికెళ్ళి మనిషిని కలవండి అన్నాడు. సీసాలకూ డబ్బాలకూ డబ్బు తగలెయ్యకండి అన్నాడు. నేను ఉగాదినాడు పంచాంగం విన్నంత శ్రద్ధగా విన్నాను.

"ఏవండీ, కొరివికారం పెట్టి అమ్ముతా" అని మా ఆయనతో చెప్పాను.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను, పండు మిరపకాయల్ని ఉప్పూ చింతపండూ వేసి నూరి, మెంతిపిండీ వెల్లుల్లీ కలిపి పోపు పెడితే అదే కొరివికారం. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే ప్రాణం లేచొస్తుంది. నెయ్యి మరిచిపోతే ఆ ప్రాణమే పోతుంది.

మా ఆయన టీవీ గొంతు తగ్గించారు. "నందిగామలోనా? కొరివికారమా? ఈ రోజుల్లో అది లేని ఇల్లుందా ఉమా ఈ ఊళ్ళో?"

"ఉంటే? మనది బాగుంటుంది."

ఆయన మళ్ళీ టీవీ గొంతు పెంచుకున్నారు. కాపురం అన్నాక ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు.

చందర్లపాడులో ఒక రైతు, పిల్లల ఆటకోసమని చెప్పగానే బస్తా పండు మిరపకాయలు ఊరికే ఇచ్చాడు. మా వీధి ఆడవాళ్ళం కొందరం, మా పక్కింటి కుమారిగారి డాబా మీద చేరి తొడిమలు తీశాం, తుడిచాం, ఆరబెట్టాం, గ్రైండర్లో వేశాం. ఆ ఘాటుకి కుమారిగారు వరసగా తుమ్ముతూ కూడా కబుర్లు ఆపలేదు. నేను మరిచిపోయి కన్ను నులుముకున్నాను. ఆ సాయంత్రం ఒంటికన్నుతోనే వంట చేశాను. కానీ కారం మాత్రం, నేను చెప్పుకోకూడదు గానీ, అదిరింది.

ఇక మిగిలింది దేంట్లో పెట్టి ఇవ్వాలన్న ప్రశ్న. ప్లాస్టిక్ సీసాల ధర అడిగితే కొట్టాయన చెప్పిన అంకెకు టై కట్టుకున్నాయన కళ్ళ ముందు ప్రత్యక్షమయ్యాడు. అప్పుడు కుమారిగారు అన్నారు: "సీసాలెందుకండీ ఉమగారూ, అటక మీద స్టీలు డబ్బాలు పడున్నాయి. మా పెళ్ళికి పెట్టినవి, అన్నిటి మీదా నా పేరు చెక్కించుంది. కారం వాళ్ళ జాడీలోకి ఒంపుకుని డబ్బా మనకిచ్చేస్తారు."

ఆ మాట వినగానే నాకు కుమారిగారి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. మిగతా ఆడవాళ్ళు కూడా తలా కొన్ని డబ్బాలు ఇచ్చారు. అన్నిటి మీదా పేర్లు, కొన్నిటి మీద ఇంటిపేర్లు కూడా. పైసా ఖర్చు లేదు! తళతళలాడే డబ్బాల్లో ఎర్రెర్రగా కారం, పైన తేలే నూనె. ఇంటింటికీ తీసుకెళ్ళి, ధర చెప్పి, డబ్బా తిరిగిచ్చేటప్పుడు డబ్బులు అందులోనే పెట్టి పంపమంటాను. ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి ఉంటుందా?

మొదటగా మా వీధికి పెద్దదిక్కు రమణమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ పొలాలున్న మనిషి, పెట్టే చెయ్యి, మొహమాటం లేని నోరు. ఆవిడ కొంటే వీధి మొత్తం కొంటుంది.

"పిన్నిగారూ, కొరివికారం తెచ్చానండీ."

"అయ్యయ్యో, ఎందుకమ్మా ఇంత శ్రమ? బడికెళ్ళొచ్చి ఇవన్నీ ఎప్పుడు చేసావే?"

ఇదిగో, ఇక్కడ ధర చెప్పాలి. ఇంట్లో అద్దం ముందు నిలబడి బాగానే చెప్పాను. ఇక్కడ మాట గొంతుదాకా వచ్చి అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈలోగా ఆవిడ మూత తీసి వాసన చూసి, డబ్బా తిప్పి పేరు చదివారు.

"కుమారి డబ్బాలో తెచ్చావా? ఎంత కలిసిమెలిసి ఉంటారే మీరు! చూస్తే ముచ్చటేస్తోంది. కూర్చో, కాఫీ తాగి వెళ్దువు గాని."

"కాఫీ వద్దండీ పిన్నిగారూ, ఇది..."

"ఆఁ, ఇది?"

"ఇది... ఇది కొంచెం కారం ఎక్కువండీ. చూసి తినండి."

అని కాఫీ తాగి వచ్చేశాను. మీరు చెప్పండి, ముచ్చటేస్తోందన్న మనిషి ముందు కూర్చుని, ఆవిడిచ్చిన కాఫీ తాగుతూ, ఇంత డబ్బు ఇవ్వండి అని ఎలా అడగడం? రెండో ఇంట్లో "మా కోడలికి వేవిళ్ళమ్మా, కారం కారం అంటోంది, దేవతలా వచ్చావు" అన్నారు. దేవతలు ధర చెబుతారా? మూడో ఇంట్లో బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టారు. నాలుగో ఇల్లొచ్చేసరికి నేను ధర సంగతే పక్కన పెట్టేశాను. మనవాళ్ళే కదా, అర్థం చేసుకుంటారులే అనుకున్నాను. కబడ్డీ సంగతి వీళ్ళెవరికీ చెప్పనేలేదని నాకు తట్టనేలేదు.

"ఎన్ని అమ్మావు?" అన్నారు మా ఆయన, ఇంటికి రాగానే.

"అన్నీ!"

"మరి డబ్బులు?"

"డబ్బాలు తిరిగొచ్చేటప్పుడు వస్తాయి. మనవైపు ఎవరూ డబ్బా ఖాళీగా పంపరు కదండీ."

"నా భయం కూడా అదే" అన్నారాయన.

ఆ మాటలోని లోతు నాకు మర్నాడు గానీ తెలియలేదు. పొద్దున్నే మొదటి డబ్బా వచ్చింది, రమణమ్మగారింటి నుంచి. బరువుగా ఉంది. చిల్లర ఇచ్చారా ఏమిటి అనుకుంటూ మూత తీశాను. సున్నుండలు! పొందిగ్గా పేర్చిన మినప సున్నుండలు. తర్వాతి డబ్బాలో కందిపప్పు. ఆ తర్వాతి దాంట్లో జంతికలు. ఒకరు కోడిగుడ్లు పంపారు, పగలకుండా కింద ఊక కూడా వేసి. ఒకరు నువ్వుండలు, ఒకరు కొత్తబెల్లం, ఒకరు పెసలు. మధ్యాహ్నానికి మా వంటింటి గట్టు మీద గరిటె పెట్టుకోవడానికి చోటు లేదు. అన్నిటికన్నా ఘోరం, వీధి చివరి ఇంటావిడ స్వయంగా డబ్బా పట్టుకొచ్చింది.

"మా కొరివికారం కూడా ఒకసారి రుచి చూడండి మేడం. మీదాంట్లో మెంతిపిండి కాస్త ఎక్కువైంది."

డబ్బా మూత తీసి చూస్తే ఎర్రగా కారం. నా మొహం కూడా అదే రంగులో ఉండి ఉంటుంది. అప్పుడే ఫోను మోగింది, నాగమణి మేడం.

"ఉమగారూ, ఎంతవరకు వచ్చిందండీ?"

"చాలా బాగా వచ్చిందండీ. వీధి వీధంతా స్పందించారు."

"ఎంతొచ్చింది?"

"కందిపప్పు రెండు డబ్బాలు, పెసలు..."

ఆవిడ మెల్లగా, "సోమవారం నెలాఖరండీ. వ్యానాయన కందిపప్పు తీసుకోడు" అని పెట్టేశారు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అప్పటిదాకా నాకు ఇదంతా నా గొప్పకోసం చేసే తమాషాలా ఉంది. ఇప్పుడు దుర్గ వాళ్ళమ్మ కొన్న సంచి కళ్ళ ముందు కనబడింది. ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? వంటింట్లో జంతికల మధ్య కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, ఒక జంతిక తుంచి నాకిచ్చి, ఒకటి తను తిన్నారు.

శనివారం సాయంత్రం దుర్గే మా ఇంటికి వచ్చింది. విషయం విని, వంటింటి గట్టు చూసి, "మేడం, ఇవి అమ్మేద్దామా?" అంది.

"పిచ్చా? ప్రేమగా ఇచ్చినవి అమ్ముకుంటే ఈ ఊళ్ళో తలెత్తుకోగలనా?"

"మరి వేరే ఊళ్ళో అమ్మితే?"

ఆ పిల్ల బుర్ర చూశారా! జగ్గయ్యపేటలో మా బాబాయికి ఎరువుల కొట్టుంది. ఆదివారం కొట్టు మూత. దాని ముందు అరుగు మీద పెట్టుకుంటే జగ్గయ్యపేటవాళ్ళు కొంటారు, నందిగామవాళ్ళకు తెలియదు. పైగా మాఘమాసం, పెళ్ళిళ్ళ జనం తిరుగుతుంటారు. వీధి చివరి ఇంటావిడ ఇచ్చిన కారం డబ్బా కూడా వదలకుండా సర్దుకున్నాను. ఈసారి టై కట్టుకున్నాయన్ని పక్కకు నెట్టి ప్లాస్టిక్ కవర్లు కొన్నాను. అన్నీ కవర్లలో పోసి మూతి కట్టాం. ప్రతి కవరు మీదా దుర్గ మార్కరుతో ధర రాసింది. ఆ పిల్ల ఏ అంకె దగ్గరా మొహమాటపడలేదు.

ఆదివారం జట్టు జట్టంతా యూనిఫాంలో బాబాయి కొట్టు అరుగు మీద నిలబడింది. కబడ్డీ ఆడేవాళ్ళ ఊపిరి సంగతి మీకు తెలుసుగా. కూతకు వెళ్ళినట్టే ఒక్క గుక్కలో "సున్నుండలు జంతికలు నువ్వుండలు కందిపప్పు కొరివికారం రండమ్మా రండి" అని అందుకున్నారు. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. జనం మూగారు. బేరాలు కూడా ఆడారండీ! కవరులో పెట్టి ధర రాస్తే చాలు, ఎవరూ "ఎందుకమ్మా ఇంత శ్రమ" అనలేదు, "చివర రేటు చెప్పు" అన్నారు. నాకు ఆ మాట సంగీతంలా వినిపించింది.

మధ్యాహ్నం దాటేసరికి చాలావరకు ఖాళీ అయింది. ఇంకా వ్యానుకు కొంత తక్కువపడుతోంది, సున్నుండల కవర్లు మాత్రం మిగిలాయి. అప్పుడు మా ముందు ఒక కారు ఆగింది. పట్టుచీర కట్టుకుని, తలలో మల్లెపూలతో, ఎవరిదో నిశ్చితార్థం భోజనం చేసి దిగుతున్నారు... రమణమ్మగారు.

పక్కనే ఉన్న ఖాళీ యూరియా బస్తాల వెనక్కి ఒదిగాను. లావుపాటి మనిషినేమో, సగమే పట్టాను.

"ఏమ్మాయ్ ఉమా! నువ్విక్కడేం చేస్తున్నావే, ఆ గోతాల వెనక?"

నేను నోరు తెరిచేలోపు దుర్గ ముందుకొచ్చింది. "పెద్దమ్మగారూ, మేం కబడ్డీకి కర్నూలు వెళ్ళాలండీ. వ్యానుకి డబ్బులు చాల్లేదు. సున్నుండలు కొనండి."

మా వీధి మొత్తం తిరిగి నేను చెప్పలేకపోయిన మాట, ఆ పిల్ల రెప్ప వాల్చకుండా చెప్పేసింది. రమణమ్మగారు కవరు విప్పి ఒక సున్నుండ తీసి కొరికారు. నమిలారు. ఆగారు. మళ్ళీ నమిలారు.

"ఎవరు చేసారే ఇవి?"

"ఎవరో... ఒక పెద్దావిడండీ" అన్నాను నేను.

"నెయ్యి పొయ్యడానికి చేతులు రాలేదు ఆవిడకి. పిసినిగొట్టు."

"అబ్బే, కాదండీ! చాలా మంచావిడండీ!" అన్నాను కంగారుగా.

"నీకు బాగా తెలుసా ఏంటి?"

"లే... లేదండీ."

"సరే. మొన్న నువ్వు తెచ్చిన కారం కూడా ఈ పిల్లల కోసమేనా?"

తల ఊపాను.

"మరి చెప్పవేం?"

"సిగ్గేసిందండీ పిన్నిగారూ."

"బాగుంది! సిగ్గు నీకు, కర్నూలు చేజారేది ఈ పిల్లలకా?" అన్నారావిడ.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే కదా. నా మర్యాద నేను కాపాడుకుంటూ వచ్చాను, ఆ మర్యాద ఖర్చంతా ఈ పిల్లల నెత్తిన పడబోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నా వైపు చూడకుండా దుర్గని "ఇంకా ఎంత కావాలే?" అని అడిగారు. అది చెప్పింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తీసి, మిగిలిన సున్నుండలన్నీ కొనేసి, పైన వ్యానుకు కావలసిందీ ఇచ్చి, కారెక్కి వెళ్ళిపోయారు.

బతికిపోయాను రా దేవుడా అనుకున్నాను. గుర్తు పట్టలేదు! సోమవారం వ్యానాయన చేతిలో డబ్బు పెట్టాను. పిల్లలకు బూట్లు వచ్చాయి. బయల్దేరే రోజు తెల్లవారకముందే బడి ముందు వ్యాను ఆగింది. దుర్గ కొత్త సంచి భుజానికి తగిలించుకుని కిటికీ పక్క సీటు పట్టుకుంది. నాగమణి మేడం విజిల్ నోట్లో పెట్టుకోబోతుండగా వీధి మలుపులోంచి రమణమ్మగారు వచ్చారు. చేతిలో పెద్ద స్టీలు డబ్బా.

"ఆగండాగండి! దారిలో తినడానికి సున్నుండలు. ఈసారి నేనే దగ్గరుండి నెయ్యి పోయించా. మొన్నటివి మా కోడలు చేసింది, దానికి నెయ్యి పొయ్యాలంటే ప్రాణం ఒప్పదు."

నాకు తల కొట్టేసినట్టయింది. "పిన్నిగారూ... మీకు తెలుసాండీ?"

"మా ఇంటి సున్నుండ నాకు తెలీదా ఏంటి? నేనిచ్చినవి నాకే అమ్మావు, నేను డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళా. మా కోడలు చూసి, 'ఎక్కడివత్తయ్యా, అచ్చం మన వాటిలాగే ఉన్నాయి' అని తెగ మెచ్చుకుని తింది."

వ్యానులో పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వకుండా కిటికీలోంచి డబ్బా దుర్గకు అందించి, గొంతు తగ్గించకుండానే రహస్యం చెప్పారు.

"ఇదిగో పిల్లా, డబ్బా నీ ఒళ్ళోనే పెట్టుకో. మీ మేడం చేతికి మాత్రం ఇవ్వకు. కర్నూల్లో అమ్మేస్తుంది."

పిల్లలు సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడారు. దుర్గకు మాత్రం బాగా కూత పెట్టినందుకు విడిగా ఒక కప్పు ఇచ్చారు. బయల్దేరిన రోజున వ్యాను బెజవాడ వైపు కీసర దారి పట్టాక, నేను నడిరోడ్డు మీద నిలబడి, ఉదయించే సూర్యుడి సాక్షిగా కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మంచిపనికైనా సరే, ధర చెప్పాకే కాఫీ తాగుతాను. ఎవరు ప్రేమగా ఇచ్చినవీ అమ్మను. గతిలేక అమ్మవలసి వస్తే, ఇచ్చినవాళ్ళకు చుట్టాలు లేని ఊరు వెతుక్కుని వెళ్ళి మరీ అమ్ముతాను.

"అలాంటి ఊరు ఎక్కడుందంటారండీ?" అని మా ఆయన్ని అడిగాను.

ఆయన వేళ్ళ మీద ఊళ్ళు లెక్కేసుకున్నారు. "కర్నూలు అనుకున్నా గానీ, రమణమ్మగారి చెల్లెలి ఆడపడుచుని అక్కడే ఇచ్చారు" అన్నారు.